పెదవాల్తేరు డాబా మీద పత్రికల కబడ్డీ

సంక్రాంతి వెళ్ళిన రెండో ఆదివారం మా డాబా మీద ఏడు సాహిత్య పత్రికలు కబడ్డీ ఆడాయి. మా మేనకోడలు తెల్లారకుండానే లేచి ముగ్గుపిండితో కోర్టు గీసేసింది. మధ్యగీత, అటూ ఇటూ బోనస్ గీతలు, అవుటైనవాళ్ళు కూర్చోడానికి రెండు చాపలు. పెదవాల్తేరులో సముద్రపుగాలి ఊరుకోదు కదా, పత్రికలు ఎగిరిపోకుండా ఒక్కోదాని మీదా ఒక్కో గుండ్రాయి పెట్టాం. కింద వాటా పిన్నిగారు రోజూ అక్కడే వడియాలు ఎండబెట్టుకుంటారు. ఆ పూటకి డాబా మాకు వదిలేసి, తనూ ఒక జట్టులో చేరిపోయారు.

ఆ పత్రికలు నా దగ్గరికి ఎలా చేరాయో ముందు చెప్తాను.

నేను విశాఖపట్నం ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌గా 1983లో చేరి 2019లో రిటైరయ్యాను. అన్నేళ్ళూ గూళ్ళ ముందు నిలబడి ఊరూరి ఉత్తరాలు విడదీయడమే పని. మా చేతికొచ్చే పత్రికలు రెండు రకాలు. నెలనెలా క్రమం తప్పకుండా వచ్చేవి, రిజిస్టరు నంబరు అచ్చేసుకున్నవి ఒక రకం. వాటికి తపాలా రాయితీ ఉండేది. నేను దిగిపోయేనాటికి యాభై గ్రాముల లోపు పత్రిక పావలాకి దేశంలో ఏ మూలకైనా వెళ్ళేది. రెండో రకానికి ఆ రాయితీ అందేది కాదు. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో రెండు షరతులుండేవి: సంచికకీ సంచికకీ మధ్య ముప్ఫయ్యొక్క రోజులు మించకూడదు, చందాదారుల జాబితా నిజమైనదై ఉండాలి. మూణ్ణెల్లకోసారి వచ్చేదీ, డబ్బు చేతికందినప్పుడు వచ్చేదీ అచ్చు కాగితాలకుండే మామూలు బుక్‌పోస్టు రేటు కట్టుకోవాల్సి వచ్చేది. చేతిలో డబ్బు తక్కువున్న పత్రికే ఎక్కువ స్టాంపులంటించుకుని రావడం చూస్తే నాకు ప్రాణం చివుక్కుమనేది.

బుక్‌పోస్టు రేపరు, అంటే పత్రిక చుట్టూ చుట్టే కాగితం, రెండు చివర్లూ తెరిచే ఉండేది, లోపల ఉత్తరం దాచలేదని మేం చూసుకోడానికి. అందుకే అవి తొందరగా చిరిగేవి. చిరిగినవాటిని పక్కన పెట్టి, గమ్ము రాసి, కాగితం అతికించి పంపేవాళ్ళం. ఆ అతికించే రెండు నిమిషాల్లోనే నాకు తెలుగు కథ అలవాటైంది. సగం పేజీ కనబడేది. మిగతా సగంలో ఏమైందో తెలియాలంటే చందా కట్టాలి. డ్యూటీ దిగి మనియార్డరు ఫారం నింపేదాన్ని. అలా కట్టిన చందాలతోనే ఇంట్లో మూడు రేకుపెట్టెలు నిండాయి. సంపాదకుల్లో ఒక్కరి ముఖమూ చూళ్ళేదు గానీ చేతిరాతలన్నీ తెలుసు. బొబ్బిలి నుంచి ఒక కవితా త్రైమాసికం వచ్చేది, పన్నెండు పేజీలు, అయిదు రూపాయలు. ఆ సంపాదకుడు పంపే ప్రతి రేపరు మీదా పిన్‌కోడు ఆరంకెలూ విడివిడిగా, ఏ వంకరా లేకుండా ఉండేవి. నిద్ర కళ్ళతో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి అది ఎంత పెద్ద ఉపకారమో బయటివాళ్ళకి తెలియదు. ఆరు సంచికలు వచ్చి అది ఆగిపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మా కిటికీ రెక్క ఊడిపోయి ఒక పెట్టెలోకి నీళ్ళు దిగాయి. కరెంటు లేని ఆ వారమంతా బట్టల తాడు మీద పత్రికలు ఆరేశాం. పిన్నులన్నీ తుప్పు పట్టాయి. అతుక్కుపోయిన పేజీల్ని విడదీయడానికి మా ఆయన ఇడ్లీపాత్ర ఆవిరి పట్టేవారు, నేను వెదురుపుల్ల పెట్టి మెల్లిగా ఎత్తేదాన్ని. కొన్ని విడివడ్డాయి. కొన్ని నా చేతుల్లోనే చిరిగాయి. ఆ పని అయ్యాక పెట్టెలు మూసి అటక మీదకి ఎక్కించేశాం. పదేళ్ళ పైన వాటిని మళ్ళీ దించలేదు.

ఈ పండక్కి మా మేనకోడలు వచ్చింది. బ్యాంకులో చేస్తోంది, కబడ్డీ అంటే ప్రాణం. తెలుగు టైటాన్స్ విశాఖలో ఆడితే ఒక్క మ్యాచీ వదల్లేదు. భోగి మంటలోకి పాత చెక్కలు వెతుకుతూ అటకెక్కి, పెట్టెలు చూసి కిందకి కేకేసింది. "అత్తా, వీటినేం చేద్దామని?"

శ్రీకాకుళం కథానిలయానికి ఇచ్చేద్దామనుకుంటున్నానన్నాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన గ్రంథాలయం అది. తెలుగులో అచ్చయిన కథ ఎక్కడున్నా వెతికి దాచాలని ఆయన పూనిక. మాస్టారు ఎన్నో ఏళ్ళు మా విశాఖలోనే బడిపంతులుగా పనిచేశారు. ఆయన మొదలుపెట్టిన చోటికి నా పెట్టెలు వెళ్తే అంతకంటే ఏం కావాలి?

"ఇచ్చేద్దాంలే. ఇచ్చేముందు ఒక్కసారైనా ఎవరైనా చదవొద్దా?" అంది.

ఆ రాత్రే నాకు అమెరికాలో జరిగే ఒక పోటీ సంగతి చెప్పింది. 2005లో మొదలైందట. బాస్కెట్‌బాల్ నాకౌట్ పద్ధతిలో నవలని నవల మీదకి వదులుతారు. ఒక్కో ఆటకి ఒక్కో న్యాయనిర్ణేత, ఎవరు ఎందుకు గెలిచారో అతను కారణాలతో రాసివ్వాలి. బహుమతి పేరు కోడిపుంజు. సంక్రాంతి మూడు రోజులూ బరుల మాటలే వినబడే ఊళ్ళలో పుట్టినదాన్ని, ఆ పేరు విని వద్దన్నాను. కబడ్డీ అయితే సరేనన్నాను. చిన్నప్పుడు మేం చెడుగుడు అనేవాళ్ళం.

రూలు మేమిద్దరం భోగి పిడకల పక్కన కూర్చుని కట్టాం. కూతకి వెళ్ళినవాళ్ళు తమ పత్రిక పట్టుకుని గీత దాటి అవతలి జట్టు ముందు నిలబడి చదవాలి. నిజం కబడ్డీలో కూతకి ముప్ఫై సెకన్లు, ఇక్కడా అంతే. టైము కాగానే మాట మధ్యలో ఉన్నా ఆపెయ్యాలి. అవతలివాళ్ళలో ఎవరికి "తర్వాత?" అనిపిస్తే వాళ్ళు చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే అవుట్. ఒక్క చెయ్యీ లేవకపోతే చదివినవాళ్ళు పట్టుబడ్డట్టు. తమ జట్టుకి పాయింటు వస్తే అవుటైనవాళ్ళు మామూలు ఆటలోలాగే లేచి రావచ్చు. ఎవరిదైనా మొట్టమొదటి రచన చదివి అవతలివాళ్ళని అవుట్ చేస్తే బోనస్. మొదటిదని ఆ సంచికలోనే రాసి ఉండాలి. ఈ బోనస్ పెట్టమని పట్టుబట్టింది నేనే. పెద్ద పత్రిక పేరున్నవాళ్ళని వేసుకుంటుంది, దానికి అమ్మకాలు కావాలి. ఎవరికీ తెలియని మనిషి పంపిన కాగితాలు విప్పి చదివి, దిద్ది, చోటిచ్చేది ఇలాంటి పత్రికలే. ఆ కవర్లు నా చేతుల మీదుగా వెళ్ళాయి, నాకు తెలుసు.

"అనిపించినా చెయ్యెత్తకపోతే?" అని మా ఆఫీసు పాత సహోద్యోగి ఒకాయన అడిగారు. "ఎత్తుతారు మావయ్యా" అంది మా మేనకోడలు. ఇంకే కాపలా పెట్టలేదు.

మొత్తం పదకొండుమందిమి. జట్టుకి ముగ్గురు చొప్పున, ఆటాటకీ చీటీలు తీసి జట్లు మార్చుకున్నాం. ఏ పత్రికలు ఆడాలన్న దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. భారతిని దింపాలని తెలుగు లెక్చరరుగా రిటైరైన మా మేస్టారు. నేను ఒప్పుకోలేదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక అది. అమృతాంజనం సంపాదన ఉంది, ఆంధ్రపత్రిక అండ ఉంది, 1991 దాకా నడిచింది. దాన్ని పన్నెండు పేజీల బొబ్బిలి పత్రిక మీదకి ఎలా వదులుతాం? చివరికి నా దగ్గరున్న ఒకే ఒక్క భారతి సంచికని కుర్చీలో పెట్టి అంపైరు స్థానం ఇచ్చాం. మేస్టారు ఆ కుర్చీకి దండం పెట్టి మరీ ఆటలోకి దిగారు.

ఆడినవి ఇవి: వరంగల్లు సృజన, హైదరాబాదు నుంచి మిసిమి, రచన, విజయవాడ చినుకు, బొబ్బిలి త్రైమాసికం, ఈమాట, మా ఆఫీసు లిఖిత పత్రిక. ఈమాట 1998లో ఇంటర్నెట్‌లో పుట్టిన పత్రిక, కాగితం మీద ఉండదు. మా మేనకోడలు మద్దిలపాలెంలో ప్రింట్లు తీయించి తెచ్చింది. టపాలో రాని పత్రికని ఎలా ఆడిస్తారని మా సహోద్యోగి. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ దాన్ని నడిపేవాళ్ళూ మరెక్కడో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని ప్రూఫులు దిద్దుకునేవాళ్ళే. స్టాంపు లేదని బయట నిలబెట్టడం న్యాయం కాదన్నాను. లిఖిత పత్రికంటారా, 1989లో రాత్రి డ్యూటీవాళ్ళం అయిదుగురం రాసింది. ఒక్కటే ప్రతి. సంచుల మూతులు కట్టే దారంతోనే కుట్టాం.

మా వాచ్‌మన్ కొడుకు ఆరో తరగతి. సృజన అట్ట చూసి, ఇదిప్పుడు వస్తోందా అనడిగాడు. 1966లో మొదలై 1992లో ఆగిపోయిందన్నాను.

"ఆగిపోయింది ఎలా ఆడుద్ది?"

"అవుటైనోళ్ళు లేచొస్తారు కదరా" అంది మా మేనకోడలు. వాడికి ఆ జవాబు సరిపోయింది.

మొదటి ఆట రచనకీ చినుకుకీ. హోరాహోరీగా సాగి రచన ఒక పాయింటుతో బయటపడింది. రెండోది సృజన మీద మిసిమి. నేను సృజన జట్టు. 1990లో ఆలపాటి రవీంద్రనాథ్‌గారు మొదలుపెట్టినప్పటి నుంచీ మిసిమి వ్యాసాల పత్రిక. తత్వం, చిత్రకళ, సైన్సు. ముప్ఫై సెకన్ల వ్యాసానికి ఎవరు చెయ్యెత్తుతారని మేం ధీమాగా ఉన్నాం. మేస్టారు వచ్చి గీత మీద నిలబడ్డారు. తరగతిలో పాఠం చెప్పినట్టు, తొందర లేకుండా, మా ముగ్గురి ముఖాలూ చూస్తూ చదివారు. నలభై ఏళ్ళు పిల్లల్ని వెనకబెంచీ దాకా పట్టి కూర్చోబెట్టిన గొంతు అది. ఆయన ఆపేసరికి మా జట్టులో ఉన్న ఆ ఆరో తరగతి కుర్రాడు చెయ్యెత్తేసి ఉన్నాడు. ఏం అర్థమైందిరా అనడిగితే, "సగం తెలీలేదండి, అందుకే" అన్నాడు. మేస్టారు ఆ పత్రిక వాడి చేతిలో పెట్టి, ఆటయ్యాక తన దగ్గరికి రమ్మన్నారు. సృజనలో కథలతో ఒక్కొక్కళ్ళనీ అవుట్ చేసి చివరికి మేమే గెలిచాం. ఏ కథలో చెప్పను. ఎవరైనా ఆడుకోవాలనుకుంటే తమ పెట్టెలో తామే వెతుక్కోవాలి, ఆ వెతుకులాటకే మాకు పండగ నాలుగు రోజులూ పట్టింది.

మూడో ఆటలో రూలే పట్టుబడిపోయింది. ఈమాట మీద బొబ్బిలి త్రైమాసికం. పిన్నిగారు ఒక చిన్న కవిత చదివారు. ఇరవై సెకన్లకే అయిపోయింది. అందరం కదలకుండా కూర్చున్నాం. గాలి, కింద రోడ్డు మీద ఆటో, అంతే. ఒక్క చెయ్యీ లేవలేదు. రూలు ప్రకారం పిన్నిగారు అవుట్. ఆవిడ పత్రిక మూసి చాప వైపు నడుస్తుంటే మేస్టారు లేచారు.

"ఇది అన్యాయం. కవిత అయిపోయాక తర్వాతేముంది? తర్వాత అనాలంటే అది కథవ్వాలి."

వాదన చాలాసేపు సాగింది. ఆట ఆగింది. మా ఆయన బీచ్‌రోడ్డు నుంచి మురీ మిక్చరు పొట్లాలు తెచ్చారు, అవి తింటూ వాదించుకున్నాం. కవితలకి విడిగా పోటీ పెడదామన్నారొకరు. అప్పుడు మా సహోద్యోగి, ఆయనది విజయనగరం దగ్గర పల్లె, చిన్నప్పుడు పద్యనాటకాలు చూసి పెరిగినాయన, "దీనికేటండీ ఇంత గొడవ? పద్యం బాగుంటే జనం ఏటనీవోరు? వన్స్‌మోర్ అనీవోరు" అన్నారు.

అంతే. కథకీ వ్యాసానికీ తర్వాత, కవితకి వన్స్‌మోర్. పిన్నిగారు మళ్ళీ గీత దాటి అదే కవిత మళ్ళీ చదివారు. ఈసారి రెండు చేతులు లేచాయి, ఒకటి మా మేనకోడలిది. ఈమాట ప్రింట్లు తెచ్చింది తనే, ఆ జట్టు నాయకురాలూ తనే.

సెమీఫైనల్లో బొబ్బిలి పత్రిక రచనని దాటింది. మాకు లిఖిత పత్రిక తగిలింది, అది చీటీలో బై వచ్చి, మొదటి ఆట ఆడకుండానే నేరుగా అక్కడికి చేరింది. అందులో ఉన్నవన్నీ మొదటి రచనలే, ప్రతి కూతకీ బోనస్సే. మా సహోద్యోగి తను 1989లో రాసిన కథే తీసుకుని వచ్చారు. లేబుల్ ఊడిపోయిన ఒక మెయిల్ సంచి కథ. అప్పట్లో మా అయిదుగురం తప్ప దాన్ని ఎవరూ చదవలేదు. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉన్నారు, ఆవిడ కూడా వినడం అదే మొదలట. ఆయనకి గడియారం అక్కర్లేకపోయింది. ముప్ఫై సెకన్లకి ముందే గొంతు పట్టేసి ఆగిపోయారు. నేను చెయ్యెత్తాను. ఆ కథ ముగింపు నాకు తెలుసు, అయినా ఎత్తాను. ఒక్క పాయింటు తేడాతో సృజన ఫైనలుకి వెళ్ళింది.

ఫైనలు మొదలయ్యేసరికి అయిదున్నర. ఏడు – ఏడు దగ్గర సమంగా ఉన్నాం. వాళ్ళ వైపు నుంచి మేస్టారు వచ్చారు, నాలుగో సంచికతో. 1994 నాటిది. చెరుకు బండి వెనకాల నడిచే పిల్లవాడి మీద కవిత. బండివాడు చూడనప్పుడు ఒక గడ లాగాలని పిల్లవాడు నడుస్తుంటాడు. బండివాడు వెనక్కి తిరుగుతాడు. మేస్టారు అక్కడిదాకా చదివి పేజీ దగ్గరగా పెట్టుకుని చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"కింద చిరిగిపోయిందమ్మా. ఇంకో రెండు లైన్లుంటాయి" అన్నారు.

హుద్‌హుద్ నీళ్ళకి అతుక్కున్న పేజీ. వెదురుపుల్లతో నేను ఎత్తినప్పుడు చిరిగిందే. ఆ మూల చూడగానే నాకు గుర్తొచ్చింది.

బండివాడు ఏం చేశాడు? మా ముగ్గురిలో ముందు లేచిన చెయ్యి నాది. పక్కనున్న ఇద్దరివీ లేచాయి. అవతలి జట్టులో పిన్నిగారు కూడా చెయ్యెత్తారు, ఆవిడకి ఆ అవసరమే లేదు. తర్వాత కోసం ఎత్తామా, వన్స్‌మోర్ కోసం ఎత్తామా అని మా మేనకోడలు అడిగింది. రెండూ అన్నాను. ముగ్గురూ అవుట్, జట్టంతా ఖాళీ, వాళ్ళకి మూడు పాయింట్లూ ఆలవుట్‌కి మరో రెండూ. పన్నెండు – ఏడు. బొబ్బిలి త్రైమాసికం గెలిచింది.

బహుమతి మాడుగుల హల్వా, అరకిలో. అది అందరం తినేశాం. అసలు పందెం వేరే ఉంది: ఎవరెవరు ఏ పత్రిక వల్ల అవుటయ్యారో, అది ఇప్పుడు వస్తున్నదైతే దానికి ఏడాది చందా కట్టాలి. పదకొండుమందిలో ఎనిమిదిమంది ఆ రాత్రే ఫోన్లలో కట్టేశారు. వాచ్‌మన్ కొడుకు తరఫున మేస్టారు కట్టారు. పత్రిక వాడి పేరు మీదే వస్తుంది, మా గేటు చిరునామాకి.

పెట్టెలు ఇంకా కథానిలయానికి పంపలేదు. చీకటి పడ్డాక ముగ్గు గీతల మీద కూర్చుని ఆ నాలుగో సంచిక వెనకట్ట చూశాను. సంపాదకుడి అడ్రసుంది, కింద 535558. ముప్ఫై ఏళ్ళు దాటింది. మర్నాడు ఉత్తరం రాశాను. నేనెవరో, ఆయన రేపర్లు ఎన్నేళ్ళు ఏ గూట్లో వేశానో, పేజీ నా చేతుల్లో ఎలా చిరిగిందో, ఆఖరి రెండు లైన్లు నాకెందుకు కావాలో రాశాను. ఆయన రాసినట్టే పిన్‌కోడు ఆరంకెలూ విడివిడిగా వేశాను. అయిదు రూపాయల స్టాంపు అంటించి, స్టేషను దగ్గర మా పాత ఆఫీసుకెళ్ళి నా చేత్తోనే డబ్బాలో వేసి వచ్చాను. పంపినవారి చిరునామా ఎడమవైపు స్పష్టంగా రాశాను, మనిషి లేకపోతే తిరిగి రావాలి కదా.

విలాసదారు లేకపోతే ఉత్తరం ఎలా వెనక్కొస్తుందో నాకు బాగా తెలుసు. పోస్టుమాన్ వాకబు చేస్తాడు, కొన్నాళ్ళు ఉంచుతాడు, వెళ్ళిపోయారనో చనిపోయారనో కవరు మీద రాసి తేదీ వేసి వెనక్కి పంపుతాడు. బొబ్బిలి మనకి ఒక పూట రైలు దూరం. ఎంత నిదానంగా చూసినా రెండు వారాల్లో వచ్చెయ్యాలి.

నేను పోస్టు చేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మా బీటు పోస్టుమాన్ పదకొండున్నరకి వచ్చాడు. కరెంటు బిల్లు, కుర్రాడి పేరు మీద మొదటి సంచిక ఇచ్చి వెళ్ళాడు. నా ఉత్తరం తిరిగి రాలేదు.